జానెడు ఎరుపు

రాజాం దాటి చిలకపాలెం పోయే రోడ్డు మీద
మా స్టిక్కరు కొట్టు.
దేవుళ్ళ పేర్లు, ఇంటిపేర్లు, పిల్లల పేర్లు,
హీరోల కళ్ళు రెండే రెండు, నల్లద్దాలతో.
ఇవన్నీ పోతాయి.
ఎర్ర రేడియం మాత్రం
బ్రేకు ఇన్‌స్పెక్టరు జీపు పొగిరిలో అగుపడిందన్న కబురొస్తేనే
చుట్ట విప్పుకుంటుంది.

చెరుకు కాలం. సంకిలి ఫ్యాక్టరీకి బళ్ళు.
ఇంజనుకొక నంబరు, తొట్టికొక నంబరు ఉండాలన్నాను.
తవిటినాయుడు నవ్వాడు.
"ఆవుకి పలుపుంటే సాల్దేటి?
దూడకీ ఏరే తాడు కావాలా?"
చట్టానికి ఆవు వేరు, దూడ వేరు, నాయుడూ.
దూడకి దాని నంబరు, దాని బ్రేకు,
దాని వెనక రెండు ఎర్రదీపాలు.
తాడు తెగితే అది ఎటు పోతుందో ఆవుకి తెలీదు కదా.

ఇదంతా అనలేదు. ఇప్పుడంటున్నాను.
అప్పుడు అన్నది ఇంతే:
"వెనక తలుపుకి ఏదైనా అంటించనా?"

ఎరుపు ఎనభై రూపాయలు.
పేరైతే పూలతో కలిపి మూడొందలు.
నేను పేరు అమ్మాను.
నీలం రంగులో, కూతురి పేరు, జాహ్నవి,
చివరి అక్షరం మీద సీతాకోకచిలుక.
అది నా సొంత ఆలోచన, దానికి డబ్బు తీసుకోలేదు.

కొక్కెంలో పిన్నుండాల్సిన చోట గునపం ముక్క.
పిన్ను పోయినా పట్టుకోడానికి ఉండాల్సిన గొలుసు
వాళ్ళ పెరట్లో గేదె మెడకుంది.
గెడలు వెనక్కి బారెడు వేలాడి
ఉన్న ఒక్క దీపాన్నీ కప్పేశాయి.
కల్వర్టు దగ్గర ముక్క విరిగింది.
ఇంజను నాలుగు గజాలు పోయి
వెనక్కి తిరిగి చూసుకున్నట్టు ఆగింది.

అందరూ చేసేదే చేశాడు.
చక్రం కింద రెండు రాళ్ళు, వెనక ఒక చింతకొమ్మ,
ఇక గునపం కోసం ఊళ్ళోకి.
రాత్రి పదకొండున్నరకి చింతాకు ఏ రంగులో ఉంటుందో
ఎవరైనా చూశారా?

జూటుమిల్లు రెండో షిఫ్టు దిగి
అసిరయ్య బండి మీద వస్తున్నాడు,
చెవుల్లో ఇంకా మగ్గాల మోత.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో మంచం పక్కన నిల్చున్నాను.
కాలికి ఇటుకలు కట్టి వేలాడదీశారు.
ఎవరినని చెప్పుకోను, "స్టిక్కర్లు వేస్తాను" అన్నాను.
ఆయన కాసేపు పైకి చూసి
"నాకేటీ అగుపడ్నేదు బాబూ.
ఆకరికి దగ్గిరికెల్లిపోనాక ఒక పేరు సదివినాను.
జానవి.
ఎవుల పిల్లో పాపం, బాగుందా?"

అప్పట్నుంచి పొద్దుగూకేక
ఫ్యాక్టరీ కాటా దగ్గర వరస కట్టిన తొట్ల వెనక్కి పోతాను.
చేతిలో కత్తెర, తడిగుడ్డ, చుట్ట.
మట్టి మీద రేడియం నిలవదు, ముందు తుడవాలి.
కొందరు టీ ఇప్పిస్తారు.
కొందరు "ఏ పార్టీవోడివి?" అంటారు.
ఒక కుర్రాడు, లైసెన్సు ఈడు కూడా రాలేదు,
నేనంటించింది గీకి తన సెల్‌ఫోను వెనక అంటించుకున్నాడు.
తిరిగొస్తూ, బళ్ళు బాగుచేసుకుని వదిలేసిపోయిన రాళ్ళు
కాలితో అంచుకి నెడతాను.
రోజూ కొత్తవి ఉంటాయి.

మొన్న తవిటినాయుడు వచ్చాడు.
దిగలేదు. తొట్టి వీపు మా కొట్టు వైపు తిప్పి ఆపాడు.
ఎంతవుద్దని అడగలేదు, నేనూ చెప్పలేదు.
"పేరు తీసెయ్యమంటావా?"
చాలాసేపటికి అన్నాడు:
"ఉండనీ. దాని కిందే ఎయ్యి."
అంటించాను. ఈ చివర జానెడు, ఆ చివర జానెడు.
రోడ్డు అవతలికి పోయి టార్చి వేశాను.
ఎరుపు నా మీదకి తిరిగొచ్చింది.
పేరు కనబడలేదు.

కొత్త పిన్ను వేయించాడు.
నంబరు ఇంకా లేదు.
గొలుసు వచ్చే వారమట,
గేదెకి పలుపు పేనాక.